పదో స్థానం చాలనుకుంటున్న మనవాళ్లకు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెరిబీ వైపు ఉంటూ వెస్టర్న్ బుల్‌డాగ్స్ కండువా కొనుక్కున్న తెలుగువాళ్లందరికీ,

నమస్కారం. మొన్న మన వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు "ఈ సీజన్ నుంచి టెన్షన్ లేదు, టాప్ టెన్‌లో ఉంటే చాలు, ఫైనల్స్ ఆడేస్తాం" అని రాశాడు. దాని కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒకరు కేకు బొమ్మ కూడా పెట్టారు. నేనప్పుడు వంకాయలు తరుగుతున్నాను, చేతులు ఖాళీగా లేవు. ఖాళీ అయ్యాక రాద్దామని కూర్చుంటే నాలుగు లైన్లలో తేలే విషయంలా కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం. గ్రూపులో లేనివాళ్లు కూడా చదువుకోవచ్చు.

ముందు కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మన బుల్‌డాగ్స్ ఆడే ఆట ఫుటీ. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. క్రికెట్ గ్రౌండ్ మీద, కోలగా ఉండే బంతితో, జట్టుకు 18 మంది ఆడతారు. మధ్య రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి తంతే 6 పాయింట్లు, పక్క స్తంభాల వైపు పోతే 1. ఈ ఆట పెద్ద లీగ్ ఎఎఫ్‌ఎల్‌లో 18 జట్లున్నాయి, ఫైనల్స్‌కు ముందు ఒక్కొక్కటి 23 మ్యాచ్‌లు ఆడుతుంది. మా ఆయన క్రికెట్ మనిషి. "ఇదేం ఆట, సంతలో తోపులాటలా ఉంది" అనేవాడు. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఇక్కడి పత్రికకు ఉత్తరం రాసి, చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు వంగకుండా పోతుంది, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టండి అని అడగడంతోనే ఈ ఆటకు దారి పడిందని చెప్పాక కొంచెం తగ్గాడు. ఉత్తరంతో మొదలైన ఆట గురించి నేనూ ఉత్తరమే రాస్తున్నాను, బాగుంది కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. నిరుటి దాకా పట్టికలో మొదటి 8 జట్లకే ఫైనల్స్ ఉండేవి. ఈ 2026 నుంచి 10 జట్లకు చేశారు. ఏడో జట్టు పదో జట్టుతో, ఎనిమిదోది తొమ్మిదోదానితో ఆడాలి. ఓడినవాళ్లు ఇంటికి, గెలిచినవాళ్లు తర్వాతి వారం ఐదో, ఆరో స్థానాల్లో ఉన్నవాళ్ల మీదికి. దీనికి వైల్డ్‌కార్డ్ రౌండ్ అని పేరు. నిరుడు మనం తొమ్మిదో స్థానంలో ఆగిపోయాం కాబట్టి ఇదంతా మన కోసమే చేశారన్నంత సంబరంగా ఉన్నారు మీరు. నాకు మాత్రం భయంగా ఉంది.

ఎందుకంటే మనందరి గుండెల్లో 2016 ఉంది. ఆ ఏడాది మనం ఏడో స్థానంలో ఉండి కప్పు కొట్టాం. పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్లతో, వరుసగా మూడేళ్లు చాంపియన్లుగా ఉన్న హాథార్న్‌ను 23తో, సిడ్నీ వెళ్లి జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) జట్టును 6తో ఓడించి, చివరికి గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ స్వాన్స్‌ను 22తో ఓడించాం. 1954 తర్వాత మళ్లీ అదే. మేమప్పుడు సన్‌షైన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. నాకు ఆట నియమాలు సగం కూడా తెలియవు. పక్కింట్లో ఒక మాల్టా పెద్దాయన, చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఓడలో వచ్చినాయన, గరాజ్ తలుపు తెరిచి టీవీ పెట్టి వీధి వీధంతటినీ పిలిచాడు. "మేము 1955లో దిగాం, ఒక్క ఏడాది ఆలస్యమైపోయింది" అని ఆయన ఎప్పుడూ చెప్పే మాట. ఆ రోజు సైరన్ మోగగానే ఆయన కుర్చీలోంచి లేవలేదు. లేవలేకపోయాడు. నేను పట్టుకెళ్లిన పులిహోర గిన్నె ఆయన ఒళ్లోనే ఉంది, కళ్లనీళ్లు అందులో పడుతున్నాయి. నేను బుల్‌డాగ్స్ మనిషినైంది ఆ సాయంత్రమే.

కాబట్టి "ఏడో స్థానం నుంచి గెలిచాం కదక్కా" అని మీరనే మాట నాకూ తీపే. కానీ ఆ ఏడాది ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఫైనల్స్‌కు ముందు అన్ని జట్లకూ ఒక వారం సెలవు ఇవ్వడం సరిగ్గా 2016లోనే మొదలుపెట్టారు. గాయాలతో కుంటుతున్న మన జట్టుకు ఆ వారం సంజీవనిలా దొరికింది. టామ్ లిబరటోరే, జాక్ మక్రే లాంటివాళ్లు కోలుకుని పెర్త్ విమానం ఎక్కారు. ఇప్పుడు ఆ సెలవు వారంలోనే వైల్డ్‌కార్డ్ పెట్టారు. పై ఆరు జట్లు కాళ్లు చాపుకుని విశ్రాంతి తీసుకుంటుంటే, కింది నాలుగు జట్లు ఒళ్లు విరగ్గొట్టుకోవాలి. ఏడో స్థానం నుంచి కప్పు కావాలంటే 2016లో వరుసగా నాలుగు గెలవాల్సి వచ్చింది, ఇప్పుడు విశ్రాంతి లేకుండా ఐదు. మనకు కథ ఇచ్చిన ఏడో స్థానం ఇది కాదు. అంకె ఒక్కటే అదే.

ఇంకో లెక్క కూడా చూడండి. ఆ కప్పు తర్వాత 2019, 2020, 2022, 2024లో ఫైనల్స్‌కు వెళ్లాం. నాలుగుసార్లూ మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చాం. సెయింట్ కిల్డా మీద 3 పాయింట్ల తేడాతో ఓడాం, అది సరే. పెర్త్‌లో ఫ్రీమాంటిల్ మీద 41 పాయింట్లు ముందుండి ఓడామే, అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మధ్యలో 2021 ఒక్కటే వేరు. ఐదో స్థానం నుంచి మూడు మ్యాచ్‌లు గెలిచి గ్రాండ్ ఫైనల్ దాకా పోయాం. లాక్‌డౌన్‌లో అందరం ఎవరిళ్లలో వాళ్లం, నేను వీడియో కాల్‌లో ఆ మాల్టా పెద్దాయనతో మాట్లాడుతూ చూశాను. మూడో క్వార్టర్‌లో 19 పాయింట్లు ముందున్నాం. తర్వాత మెల్‌బోర్న్ జట్టు ఏం పూనిందో, 74 తేడాతో ముగిసింది. ఆయన కాల్ కట్ చేయకుండా ఫోన్ బోర్లా పెట్టేశాడు.

నిరుడు ఆగస్టు 24, ఆదివారం. చివరి రౌండు, మార్వెల్ స్టేడియంలో ఫ్రీమాంటిల్‌తో. గెలిస్తే లోపల, ఓడితే బయట. మన పిల్లలందరికీ ఆ కండువాలు కట్టి తీసుకెళ్లాం, గుర్తుందా? 15 పాయింట్లతో ఓడాం. సదరన్ క్రాస్ స్టేషన్‌లో టార్నీట్ రైలు కోసం నిలబడితే ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి "అమ్మా, 14 మ్యాచ్‌లు గెలిచాం కదా, ఎందుకు చాలలేదు?" అని అడిగింది. అప్పుడు చెప్పలేకపోయాను. చలికాలం దాటాక, ఎండాకాలం సెలవుల్లో కూర్చుని పట్టిక ముందేసుకుని చూస్తే జవాబు దొరికింది. మీకందరికీ చెప్పాలనుకున్నది కూడా అదే.

మనం బలహీనులం కాదు. వేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి వందతో గుణిస్తే వచ్చేదాన్ని పర్సెంటేజీ అంటారు. మనది 130 దాటింది. అంత ఉన్న జట్టు ఫైనల్స్‌కు బయట ఉండటం అరుదు. కానీ ఆ పాయింట్లు ఎక్కడివి? పట్టిక అడుగున ఉన్న జట్లను చితక్కొట్టి పోగేసినవి. పైనున్న జట్లు ఎదురైతే ఎక్కువసార్లు ఓడాం. తాడిని తన్నేవాడు ఉంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు, మనకు వాడు ప్రతి రెండు మూడు వారాలకూ ఎదురయ్యాడు. ఆరో స్థానంలో ఉన్న ఫ్రీమాంటిల్‌కు 16 గెలుపులున్నాయి, మనకు 14. తేడా రెండే అని సంతోషపడకండి. కింది జట్లతో దాదాపు అన్నీ గెలిచేశాం కాబట్టి ఆ రెండూ పైవాళ్ల దగ్గర్నుంచే లాక్కోవాలి. తేలిగ్గా దొరికే గెలుపులు ఇంక మిగల్లేదు.

మనకన్నా ఒక్క మెట్టు పైన, ఎనిమిదో స్థానంలో ఉన్న హాథార్న్ ఏం చేసిందో చూశారుగా. జీడబ్ల్యూఎస్‌ను, ఆ తర్వాత అడిలైడ్ వెళ్లి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టును ఓడించి, గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టైన ప్రిలిమినరీ ఫైనల్ దాకా పోయింది. కొత్త పద్ధతి నిరుడే ఉండి ఉంటే మనం మొట్టమొదట ఆడాల్సింది ఆ హాథార్న్‌తోనే, వాళ్ల సొంత గడ్డ మీద. 2024లో మనల్ని 37 పాయింట్లతో ఇంటికి పంపిన జట్టు అది. కేకు బొమ్మ పెట్టిన వదినగారు ఒకసారి ఆలోచించండి.

మరి ఈసారి మన దగ్గర ఏముంది? మార్కస్ బొంటెంపెల్లి ఉన్నాడు. అతని గురించి మీకు నేను చెప్పేదేముంది, మన ఇళ్లలో దేవుడి పటాల పక్కన కాకపోయినా ఫ్రిజ్ మీద ఉన్నాడు. 2020 నుంచి కెప్టెన్, 30 ఏళ్లు నిండాయి. నిరుడు మొదట్లో పిక్క గాయంతో కొన్ని వారాలు ఆడలేదు. ఆ వారాల్లో పోయిన మ్యాచ్‌లు చివర్లో ఎంత ఖరీదయ్యాయో చూశాం. అతను మార్చి నుంచే మైదానంలో ఉంటే ఒక గెలుపు ఎక్కువ ఖాయమని నా నమ్మకం. పక్కన ఎడ్ రిచర్డ్స్ ఇప్పుడు ఒకరి నీడలో ఆడే మనిషి కాదు. వెనక ఉండే పిల్లాణ్ని మధ్యలోకి తెచ్చాక ఎంత ఎదిగాడో. మిడ్‌ఫీల్డ్ గురించి నాకు దిగులు లేదు. ఆడమ్ ట్రెలోర్ నిరుడు గాయాలతో చాలావరకు బయటే ఉన్నాడు, అతను ఎన్ని ఆడితే అన్ని లాభం అనుకోవాలి తప్ప లెక్కలో వేసుకోకూడదు. లిబరటోరేకు ఈ మే నెలకు 34 నిండుతాయి. తలకు దెబ్బలు తగిలి ఆగిన మనిషి కాబట్టి అతను బంతి మీద పడినప్పుడల్లా నేను కళ్లు మూసుకుంటాను.

లిబరటోరే అంటే గుర్తొచ్చింది. వాళ్ల నాన్న టోనీ 1990లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచినాయన, ఇదే క్లబ్బు. సామ్ డార్సీ నాన్న, తాత ఇద్దరూ ఇదే క్లబ్బు. తండ్రి తగినన్ని మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకును ఆ క్లబ్బే తీసుకునే వీలు ఇక్కడి నియమాల్లోనే రాసి ఉంది. వారసత్వం గురించి తెలుగు సినిమాలు చూసేవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే ఈ వారసుడు 208 సెంటీమీటర్లు. గాల్లోకి లేచి బంతి పట్టాడంటే ఎదుటివాడు నిచ్చెన వేసుకోవాలి. నిరుడు మోకాలి దెబ్బతో కొన్ని వారాలు పోయాయి. అతను, ఆరన్ నాటన్ ఇద్దరూ కలిసి ముందు ఆడిన రోజుల్లో మనల్ని ఆపడం ఎవరికీ అంత సులువు కాలేదు. జమారా ఉగల్-హేగన్ గోల్డ్ కోస్ట్ వెళ్లిపోయాడు. నిరుడు మనకు ఆడనే లేదు కాబట్టి జట్టు లెక్క మారదు. అతను అక్కడ బాగుండాలి, అంతే.

నా దిగులంతా వెనక. మనం బంతి కోసం కొట్లాడి గెలుస్తాం, అందరూ ముందుకు ఉరుకుతారు, ఒక్క తన్ను తప్పు పడిందా, వెనక నేలంతా ఖాళీ. పైస్థాయి జట్లు కాచుక్కూచునేది ఆ ఒక్క తప్పు కోసమే. బెయిలీ డేల్ లాంటివాడు బంతిని బయటికి తెచ్చే అందం వేరు. కానీ ఎదుటి జట్టు భారీ మనిషి మీద ఒంటరిగా నిలబడి ఆపే పొడుగువాళ్లు తక్కువ. రోరీ లాబ్ జీవితమంతా ముందు, రక్‌లో (అంపైర్ బంతి లేపినప్పుడు ఎగిరి అందుకునే పని) ఆడి ముప్పై దాటాక డిఫెండర్ అయ్యాడు. బాగానే చేశాడు, ఒప్పుకుంటాను. జేమ్స్ ఓడానెల్ గురించి మా ఆయనకు మహా ఇష్టం, ఎందుకంటే వాళ్ల నాన్న సైమన్ ఓడానెల్ 1987లో కోల్‌కతాలో ప్రపంచ కప్ గెలిచిన ఆస్ట్రేలియా జట్టులో ఉన్నాడు, సెయింట్ కిల్డాకు ఫుటీ కూడా ఆడాడు. కొడుకు కూడా క్రికెట్ నుంచి ఇటు వచ్చినవాడే. ఆర్డర్లు తీసుకోవడం ఇంకా నేర్చుకుంటున్న కొత్త కుర్రాళ్లతో పెళ్లి వంట ఒప్పుకున్నట్టుంది మన బ్యాక్‌లైన్. కూర రుచిగానే వస్తుంది. భోజనాల బంతి మధ్యలో చారు అయిపోతుంది.

నియమాలు కూడా మారాయి. మధ్యలో బంతిని నేలకేసి కొట్టి లేపడం పోయింది, ఇక అంపైర్ పైకి విసరడమే. రక్‌మెన్ కలబడేలోపు వృత్తంలోని గీత దాటి ఒకరి మీద ఒకరు పడకూడదు. కుస్తీ పట్లకన్నా ఎగరడం, పరుగు తెలిసిన టిమ్ ఇంగ్లిష్‌కు ఇది కలిసొస్తుందని నా అంచనా. సబ్‌స్టిట్యూట్ పద్ధతి తీసేసి బెంచ్ మీద ఐదుగుర్ని ఇచ్చారు. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్‌కు ఆటగాళ్లను అటూ ఇటూ మార్చడం మహా సరదా. డిఫెండర్‌ను ముందుకు, ముందువాణ్ని వెనక్కి పంపుతాడు. ఐదుగురు చేతికొస్తే ఆయన్ను పట్టుకోలేం. మధ్య భాగంలో బంతి గీత దాటి బయటికి పోతే, ఎవరు చివర తన్నారో లేదా చేత్తో కొట్టారో వాళ్లకు వ్యతిరేకంగా ఫ్రీ కిక్ కూడా వచ్చింది. ఆట ఆగడం తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. వేగం మనకు చేతనైన విద్యే. అయితే వెనక ఖాళీ అని ఇప్పుడే అన్నానే, వేగం పెరిగితే ఆ ఖాళీ కూడా పెరుగుతుంది.

బెవరిడ్జ్‌ను తీసెయ్యాలని గ్రూపులో కొందరు రాస్తున్నారు. 2016లో గాయంతో ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని స్టేజీ మీదికి పిలిచి, తన కోచ్ మెడల్ తీసి అతని మెడలో వేసిన మనిషి గురించి కఠినంగా రాయడానికి నాకు చెయ్యి రాదు. అయినా నిజం చెప్పాలి. 2015 నుంచి ఉన్నాడు. ఇంత మంచి మిడ్‌ఫీల్డ్ పెట్టుకుని ఎన్నిసార్లు మొదటి నాలుగులో ముగించాం? ఒక్కసారి కూడా లేదు. బ్యాక్‌లైన్ గొడవ ఈ ఏడాదీ ఇలాగే ఉంటే నేను కూడా మీ వైపు వస్తాను. అది సెప్టెంబరులో మాట్లాడుకుందాం.

మొదటి మ్యాచ్ గబ్బాలో, 2024, 2025 రెండేళ్లూ కప్పు కొట్టిన బ్రిస్బేన్ లయన్స్ మీద. సీజన్ మొదలవడమే పులి బోనులో. అబ్బ, ఇదేం డ్రా అని తిట్టుకున్నారు చాలామంది. నాకైతే ఇదే కావాలనిపించింది. పైవాళ్లను ఓడించగలమా అన్నది జూన్ దాకా ఆగి తెలుసుకునే బదులు మార్చి మొదటి వారంలోనే ఒక అందాజా వస్తుంది. పైగా గబ్బా అంటే అందరూ భయపడే చోటని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో సగం జట్టు గాయాలతో ఉండగా మన హైదరాబాద్ సిరాజ్ ఐదు వికెట్లు తీసిన నేల అది.

ఇంత రాశాక అంచనా చెప్పకపోతే మీరు ఊరుకోరు. కప్పు అని మాత్రం అనను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఫిబ్రవరిలోనే గ్రాండ్ ఫైనల్ టికెట్ల గురించి మాట్లాడే తమ్ముళ్లతో నాకు పని లేదు. మనసు ఐదో స్థానం అంటోంది. కాగితం మీద లెక్క ఏడో స్థానం అంటోంది. నేను ఏడు అనే రాసి మా ఫ్రిజ్ మీద అంటించాను, 15 గెలుపులు. అంటే నేను ఇంతసేపు తిట్టిన వైల్డ్‌కార్డ్ మ్యాచ్ మనమే ఆడతాం. తప్పాలని మొక్కుకుంటున్నాను. జూన్ సగానికల్లా బ్రిస్బేన్, జీలాంగ్, అడిలైడ్, కాలింగ్‌వుడ్, హాథార్న్‌లలో ఏ ఇద్దర్ని ఓడించినా ఆ కాగితం చింపి ఐదు అని రాస్తాను. అప్పటిదాకా చిన్న జట్ల మీద వంద పాయింట్ల గెలుపులకు నేను గ్రూపులో చప్పట్లు కొట్టను. ఏమీ అనుకోవద్దు.

మెంబర్‌షిప్ కట్టాలా వద్దా అని ముగ్గురు విడిగా అడిగారు. 1989లో ఈ క్లబ్బును ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో క్లబ్బుతో కలిపేసి మూసేయాలని చూస్తే, అప్పట్లో ఫుట్‌స్క్రే పేరుతో ఉన్న మన క్లబ్బు జనం డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, చందాలు పోగేసి నిలబెట్టుకున్నారు. పట్టికలో ఎన్నో స్థానమని ఎవరూ అడగలేదట. ఆ పెద్దాయన కూడా సన్‌షైన్‌లో తన వీధి మొత్తం తిరిగానని చెప్పేవాడు. నేను మాత్రం కట్టేశాను, పిల్లలకు కూడా. మీ ఇష్టం మీది.

గబ్బా మ్యాచ్ రోజు మా గరాజ్ తెరుస్తున్నాను. బ్రిస్బేన్ గడియారం మనకన్నా గంట వెనక నడుస్తుంది, టైమ్ చూసుకోకుండా వచ్చి మొదటి క్వార్టర్ పోగొట్టుకోకండి. పులిహోర నాది, మిర్చి బజ్జీలు పాయింట్ కుక్ వాళ్లు ఒప్పుకున్నారు. మాల్టా పెద్దాయన్ను సన్‌షైన్ నుంచి మా ఆయన కారులో తీసుకొస్తాడు. ఆయనకు చేతులున్న గట్టి కుర్చీ ఒకటి కావాలి, ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చిపెట్టండి. మిగతావాళ్లు కింద చాపల మీదే.

ట్రుగనీనా నుంచి,
మీ గ్రూపులో తక్కువ మాట్లాడే అక్క